పాకేదా, కుట్టేదా, తాగేదా

మొన్న మా క్యాజువాలిటీలో ఒక హౌస్ సర్జన్ అమ్మాయి కేస్ షీట్ మీద ‘ఇన్సెక్ట్ బైట్’ అని గుండ్రటి అక్షరాలతో రాసి, కింద దురదకిచ్చే ఇంజెక్షన్ ఒకటి చేర్చి, సంతకం కోసం నా దగ్గరికి తెచ్చింది. మంచం మీద పదహారేళ్ల పిల్ల కడుపు పట్టుకుని ముడుచుకుని పడుకుంది. పక్కన తల్లి నిలబడి ఉంది. ఏమైందమ్మా అని అడిగితే ఆ తల్లి నాకూ అదే మాట చెప్పింది. “పురుగు ముట్టింది మేడమ్.”

నేను అనుకోకుండానే నా నోట్లోంచి వచ్చేసింది. “పాకేదా, కుట్టేదా, తాగేదా?”

తల్లి ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. “పాకేదే మేడమ్” అంది.

హౌస్ సర్జన్ మొహం పాలిపోయింది. పిల్ల బతికింది, ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. ఆ అమ్మాయిని నేను ఒక్క మాట కూడా అనలేదు. అనే అర్హత నాకు లేదు. సరిగ్గా అదే తప్పు నేను శంషాబాద్‌లో చేశాను, అదీ ఆ అమ్మాయి కంటే ఎక్కువ ధీమాగా. ఇక ఆ మూడు మాటలు నావి కావు. ఆ రోజంతా వాటి అసలు యజమానురాలు నా కళ్ల ముందే తిరిగింది.

ఆమెను అందరం ఆయమ్మ అనే పిలిచేవాళ్లం. జీతాల రిజిస్టర్‌లో పేరు ఉండేది, నాకు తెలుసు కూడా. ఇక్కడ రాయను. నాకు తెలిసిన నాలుగైదేళ్లలో ఆమె ఒక్కసారి కూడా పాము పేరు ఎత్తలేదు. ఆమె పేరు ఎత్తకుండా ఆమె గురించి చెప్పడమే మర్యాదని నాకు అనిపిస్తోంది.

2009లో నేను శంషాబాద్‌లో హైవే పక్కన ఒక ఇరవై పడకల నర్సింగ్ హోమ్‌లో డ్యూటీ డాక్టరుగా చేరాను. కృష్ణా జిల్లా పిల్లని. పట్టా చేతికొచ్చి ఆరు నెలలు. నాకు తెలియనిదంటూ లేదని గట్టి నమ్మకం. విమానాశ్రయం వచ్చి ఏడాది దాటింది. చుట్టుపక్కల గుట్టలు పగలగొడుతున్నారు, రింగు రోడ్డు కోసం మట్టి తవ్వుతున్నారు, చెలకలు చదును చేసి ప్లాట్ల రాళ్లు పాతుతున్నారు. బండల కిందా పొదల్లోనూ బతికే జీవాలన్నీ చెల్లాచెదురై మనుషులు పడుకునే చోటికి వచ్చేవి. అందుకే మా ఫ్రిజ్‌లో పాము విషానికి విరుగుడు మందు పది సీసాలు ఎప్పుడూ సిద్ధంగా ఉండేవి.

ఆయమ్మ ఉద్యోగం నేల తుడవడం, బెడ్‌పాన్లు పెట్టడం, రోగుల పేర్లు రాసిన చిట్టీలు డాక్టరు బల్ల మీదికి చేర్చడం. ఆమె సొంతంగా చేపట్టిన ఉద్యోగం మాత్రం గుమ్మం దగ్గర స్టూలు వేసుకుని వచ్చినవాళ్లందరినీ కిందనుంచి పైదాకా చూడడం. సాతంరాయి నుంచి పొద్దున్నే నడిచి వచ్చేది. యాభై దాటిన మనిషి, పొట్టి, బిగించి కట్టిన నేత చీర, నోట్లో ఆకూ వక్కా. కొప్పులో పువ్వుకు బదులు ఎర్ర స్కెచ్ పెన్ను గుచ్చి ఉండేది. అది ఎందుకో నేను అడగలేదు. చదువు రాని మనిషికి పెన్ను మీద మోజు కాబోలు అనుకున్నాను. అప్పట్లో నేను మనుషుల గురించి అలా తేలిగ్గా అనేసుకునేదాన్ని.

విమానం నెత్తి మీదుగా పోతుంటే మేమంతా గొంతు పెంచి అరిచేవాళ్లం. ఆమె అలా చేసేది కాదు. మాట సగంలో ఆపేసి, చెయ్యి ఎత్తి ఎదుటివాళ్లనూ ఆపి, మోత పూర్తిగా పోయాక ఆపిన చోటినుంచి మొదలుపెట్టేది. “మా చెలక మీదనే దిగుతయి గివన్ని. మనింటికొచ్చిన చుట్టాలు మాట్లాడుతుంటే మధ్యల మాట్లాడుతరా?” అని నవ్వేది. ఒకసారి ఓనరుగారు జీతాల గురించి ఏదో చెప్పబోతుంటే ఆయన మొహం ముందే చెయ్యి ఎత్తింది. ఆయనా ఆగాడు పాపం.

ఓనరును, నన్ను, పోలీసు ఎస్సైని, అందరినీ ‘నువ్వు’ అనే అనేది. నా ‘అండీ’ అంటే ఆమెకు పెద్ద వేడుక. “ఎక్కడ నొప్పిగా ఉందండీ?” అని నేను రోగిని అడగ్గానే గుమ్మం దగ్గరనుంచి అచ్చం నా గొంతుతో “ఉందండీ” అని వినపడేది. “డాక్టరమ్మా, నువ్వు గట్ల అండీ అండీ అంటే ఆయనకు నొచ్చేది గూడ చెప్పబుద్ధి గాదు. పెండ్లి సూపులకొచ్చినట్టు కూసుంటడు” అనేది. నాకు ఒళ్లు మండేది. ఊడ్చే మనిషితో మాటలు పడడం ఏమిటని లోపల లోపల ఉడికిపోయేదాన్ని.

నేను చేరిన రెండో నెలలో ఒకరోజు పొద్దున ఏడింటికి, హిమాయత్ సాగర్ వైపు ఒక ప్లాట్ల వెంచరులో కాపలా ఉండే అతను భార్యను బండి మీద తెచ్చాడు. పాతికేళ్ల మనిషి. రేకుల షెడ్డులో నేల మీద పడుకుంటారు. “రాత్రి పండుకున్నప్పుడు ఏదో పురుగు ముట్టినట్టుంది డాక్టర్. తెల్లారగట్లనుంచి కడుపుల నొస్తుంది అంటున్నది” అన్నాడు.

నేను చేతులూ కాళ్లూ చూశాను. వాపు లేదు, గాటు లేదు. చీమో దోమో కుట్టి ఉంటుంది, కడుపునొప్పి గ్యాసుది. చిట్టీ మీద పేరు కింద ఎర్రగా ఒక వంకర గీత ఉంది. ఎవరో పెన్ను రాస్తుందో లేదో చూసుకున్నట్టుంది అనుకున్నాను. దురదకు ఇంజెక్షన్, గ్యాసుకు మాత్ర ఇచ్చి, ఇంటికి వెళ్లి మజ్జిగ తాగమన్నాను. ఎంతో మర్యాదగా, అండీ అని కూడా అన్నాను.

రెండు నిమిషాల తర్వాత బయట గొడవ వినపడింది. వెళ్లి చూస్తే బండి మీద ఆ భార్యాభర్తలు కూర్చుని ఉన్నారు, ఆయమ్మ బండికి అడ్డంగా నిలబడి ఉంది. బండి తాళంచెవి లాగేసి బొడ్లో దోపుకుంది. అతను అరుస్తున్నాడు. ఆమె నా వైపు తిరిగి తీరిగ్గా అంది, “డాక్టరమ్మా, గామె కండ్లు నిలుస్తలేవు.”

కొప్పులోంచి పెన్ను తీసి ఆ అమ్మాయి కళ్లకు పైగా పట్టుకుంది. “బిడ్డా, తల ఎత్తకు. ఉత్తగ కండ్లు లేపి దీని దిక్కు సూడు.” ఆ అమ్మాయి ప్రయత్నించింది. రెప్పలు సగం దాకా వచ్చి ఆగిపోయాయి. ఏమ్మా అంటే జవాబు ముక్కులోంచి, ముద్దముద్దగా వచ్చింది. కట్లపాము కాటుకు వాపు ఉండదు, గాటు కనపడదు, పొద్దున కడుపునొప్పితో మొదలై రెప్పలు వాలిపోతాయి. పుస్తకంలో ఈ నాలుగు ముక్కలూ చదివి, పరీక్షలో రాసి, మార్కులు తెచ్చుకున్నదాన్ని నేను. నా ముందుకు వచ్చిన మనిషికి మజ్జిగ తాగమని చెప్పి పంపించాను.

ఇక పరుగులు. విరుగుడు మందు పొడిగా ఉంటుంది. అందులో నీళ్లు ఎక్కించి కరిగించాలి. గిలక్కొడితే నురగ వచ్చి పాడవుతుంది. అరచేతుల మధ్య పెట్టి మెల్లగా దొర్లించాలి. నర్సు సెలైన్ పెడుతుంటే నేను సీసాల్లోకి నీళ్లు ఎక్కిస్తూ మాటిమాటికీ ఆ అమ్మాయి వైపే చూస్తున్నాను. ఆయమ్మ చేతులు కడుక్కొచ్చి నా చేతిలోంచి సీసా తీసుకుంది. “నువ్వు గామె ఊపిరి సూడు పో. గిది నాకెర్కె” అంది. మజ్జిగ కవ్వం తిప్పినంత నెమ్మదిగా ఒక్కొక్కటీ తిప్పి, వెలుతురుకు ఎత్తి పట్టి చూసి, నర్సు చేతికిచ్చింది. పది సీసాలకు పదీ అద్దంలా కరిగాయి. ఆ అమ్మాయిని అంబులెన్సులో నగరంలోని పెద్దాసుపత్రికి తీసుకెళ్తూ దారిపొడవునా బ్యాగుతో ఊపిరి అందించాను. ఆరు రోజులు వెంటిలేటర్ మీద ఉండి ఆ అమ్మాయి లేచి కూర్చుంది.

ఆ మధ్యాహ్నం తిరిగొచ్చి ఆయమ్మ స్టూలు పక్కన మెట్టు మీద కూలబడ్డాను. ఆమె టీ తెచ్చి ఇచ్చింది.

“చిట్టి మీద గీత గీసిన గద డాక్టరమ్మా. సూడలేదా?”

“పెన్ను రాస్తుందో లేదో చూశారనుకున్నాను.”

ఆమె పగలబడి నవ్వింది. పమిట చెంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. నాకు ఏడుపొచ్చింది. అప్పుడు నవ్వు ఆపి, పక్కన కూర్చుని, పాత చిట్టీ ఒకటి తిరగేసి మూడు బొమ్మలు గీసింది. వంకర గీత ఒకటి. తోక పైకి తిరిగిన చుక్క ఒకటి. మూతి సన్నటి సీసా ఒకటి.

“మా దిక్కు అన్నీ పురుగులే. పాకేది పురుగే. కుట్టేది పురుగే. చెట్లకు కొట్టేది పురుగుల మందు. అది తాగొచ్చినోళ్లు గూడ సిగ్గుకు పురుగు ముట్టిందనే చెప్తరు. నువ్వు పురుగంటే చీమనుకుంటివి. గందుకే నేను ముందుగాల్నే అడుగుత. పాకేదా, కుట్టేదా, తాగేదా?”

“పాము అని చెప్పేస్తే సరిపోతుంది కదా ఆయమ్మా. ఇంత తంటా ఎందుకు?”

ఆమె నా నోరు మూసినంత పని చేసింది. “ముట్టినోని ముంగట పేరెత్తితే ఇషం నెత్తికెక్కుతది. నువ్వు సదువుకున్నదానివి, నమ్మకు. గాని వాళ్లు నమ్ముతరు గద? భయానికే సగం పాణం పోతది. పేరెత్తకుంట చెప్పిస్తే నీదేం పోతది?”

నాదేం పోలేదు. ఆ రోజునుంచి చిట్టీ నా బల్ల మీదికి రాగానే ముందు ఎర్ర గుర్తు ఉందో లేదో చూసి, తర్వాతే పేరు చదివేదాన్ని.

ఆమెకు పాములంటే చచ్చేంత భయం. ఈ సంగతి చాలాకాలం ఎవరికీ తెలియదు. ఒకసారి ఎయిర్‌పోర్టు క్యాబ్ డ్రైవరు ఒకతను, తనను కరిచినదాన్ని నూనె డబ్బాలో పట్టి మూతతో సహా తెచ్చాడు, డాక్టరుకు చూపిస్తే మంచిదని ఎవరో చెప్పారట. అతను మూత తీయబోయేసరికి ఆయమ్మ స్టూలు ఎక్కి నిలబడింది. అక్కడనుంచే గద్దించింది. “దాన్నెందుకు దెచ్చినవ్ రా అయ్యా? దానికి గూడ చిట్టి రాయాల్నా?” నేను తొంగి చూస్తే అది జెర్రిపోతు, విషం లేనిది. డ్రైవరుకు పోయిన ప్రాణం లేచొచ్చింది. ఆయమ్మ మాత్రం డబ్బా గేటు దాటేదాకా స్టూలు దిగలేదు.

రోగి చొక్కా కాలరు సర్దుతున్నట్టు దగ్గరికి వంగి నోటి వాసన చూసేది. పిల్లల్ని ఎత్తుకుని, ఆడించినట్టే ఆడిస్తూ కనురెప్పలు చూసేది. తేలు కుట్టి ఏడ్చేవాళ్లను మాత్రం అంతగా పట్టించుకునేది కాదు. “ఏడ్చేటోని గురించి ఫికర్ లేదు. సప్పుడు జెయ్యనోనికాడికి ఉరుకు” అనేది. ఇప్పుడు నేను పిల్ల డాక్టర్లకు ఈ మాటే కాస్త ఇంగ్లీషు కలిపి చెబుతుంటాను, నా సొంత మాటలాగా.

ఏటా నాగుల పంచమికి మాత్రం ఒక్కరోజు సెలవు అడిగేది. సాతంరాయిలో అత్తగారింటి వాళ్లందరితో కలిసి పుట్టకు పాలు పోసి వచ్చేది. అంత భయపడేదానివి పుట్ట దగ్గరికెలా వెళ్తావని ఆటపట్టిస్తే ఆమె నవ్వలేదు. “మా ఇంట్ల ఒకల్ని తీస్కపోయింది గద. పొయ్యాలె” అంది. భర్త పోయాడని తెలుసు, పిల్లలు లేరని తెలుసు. ఓహో ఇదా సంగతి అనుకున్నాను. ఆమె గుమ్మం దగ్గర అలా ఎందుకు కూర్చుంటుందో నాకు పూర్తిగా అర్థమైపోయిందనుకున్నాను. రెండోసారి కూడా నేను వంకర గీతను తప్పుగానే చదివాను.

2012 ఎండాకాలం. మధ్యాహ్నం రెండు దాటింది. మహేశ్వరం దగ్గరి ఊరినుంచి టమాట తోట రైతును ఆటోలో తెచ్చారు. ముప్పై ఏళ్లుంటాయి. భార్య, ఒక ముసలామె వెంట ఉన్నారు. అతని ఒళ్లంతా చెమట, ఒకసారి వాంతి చేసుకున్నాడు. “తోటకు మందు కొడుతుంటే పురుగు ముట్టిందమ్మా. గీడ, కాలికి” అంది భార్య. చీలమండ దగ్గర నిజంగానే రెండు ఎర్రటి గాట్లు ఉన్నాయి.

ఆ పూట నన్ను ఇరకాటంలో పెట్టింది ఆ మందు కొట్టడమే. పురుగుల మందు వాసన గుప్పుమంటోంది. కానీ పొద్దున్నుంచీ పంపు భుజాన వేసుకుని పిచికారీ చేసినవాడి చొక్కా అలాగే వాసనేస్తుంది. కనుపాపలు చిన్నవయ్యాయి. ఒంటి మీద పడినా కొంచెం అవుతాయి. ఒంటి మీద పడిందైతే కడిగి, ఒకటి రెండు ఇంజెక్షన్లతో సర్దుకోవచ్చు. తాగిందైతే కడుపు శుభ్రం చేయాలి, ఏ మందో తెలియాలి, గంటల తరబడి విరుగుడు ఎక్కిస్తూ వెంటిలేటర్ ఉన్న చోటికి పంపాలి. పామే అయితే దారి వేరు. ఉన్నదల్లా అరగంటో ముప్పావుగంటో. ఆయమ్మ తెచ్చిన చిట్టీ మీద సీసా బొమ్మ ఉంది.

“తాగాడా అమ్మా? నిజం చెప్పు” అన్నాను.

“లేదమ్మా, ఒట్టు. పురుగే” అని భార్య నెత్తీ నోరూ కొట్టుకుంది. ముసలామె కూడా “నా కొడుకుకు ఏం తక్కువ, ఎందుకు తాగుతడు?” అని నా మీదికి వచ్చింది. నర్సు అతని చొక్కా కత్తిరించి ఒళ్లు కడుగుతోంది. నేను మొదటి ఇంజెక్షన్ ఇచ్చేశాను, కానీ చేస్తున్నది సగం వైద్యమేనని నాకు తెలుస్తోంది.

ఆయమ్మ ఆ గాట్ల వైపు చూస్తూ నిలబడిపోయింది. ఎన్నడూ లేనిది, చేతిలో పెన్ను కింద పడేసుకుంది. వరండా బెంచీ మీద జనం ఉన్నారు. అందులో ఆమె బావ, అంటే భర్త అన్న, బీపీ మాత్రల కోసం వచ్చి కూర్చుని ఉన్నాడు. నెలనెలా వచ్చేవాడు, ఆమే చేయిపట్టి కూర్చోబెట్టేది. ఆమె ఒకసారి ఆయన వైపు చూసింది. వెళ్లి ఆ భార్య ముందు నేల మీద చతికిలబడి, రెండు భుజాలూ పట్టుకుంది.

సరిగ్గా అప్పుడే విమానం వచ్చింది. ఆ మోతలో చెప్పి ఉంటే ఆ మాట ఆ అమ్మాయికి తప్ప ఎవరికీ వినపడేది కాదు. నాకు ఇప్పటికీ ఆ విమానం గుర్తుకొస్తుంది. ఆయమ్మ చెయ్యి ఎత్తింది. మోత అంతా పోయేదాకా ఆగింది. వరండా నిశ్శబ్దమయ్యాక, ఎప్పుడూ మాట్లాడే గొంతుతోనే మొదలుపెట్టింది.

“ఇగో బిడ్డా, నా దిక్కు సూడు. నా పెనిమిటి గూడ మందే తాగిండు. నేను ఒక మాటన్న, గా మాట పట్టుకొని పోయి తాగిండు. మందిల నా మొకం ఎట్ల సూపాలె అని, పురుగు ముట్టిందని చెప్పిన. కాలికి ముల్లు గీసుకున్న గాటుంటే గదే సూపెట్టిన, నీ లెక్కనే. ఊళ్లె మందులిచ్చేటాయన కాలుకు తాడు గట్టి కూసున్నడు. తాగింది లోపల్నే పని జేసింది. పొద్దు గూకేసరికి పాణం పోయింది. పదిహేడేండ్లాయె. నా ఇజ్జత్ దక్కింది, మనిషి దక్కలే. నీకేది గావాలె?”

ఆ అమ్మాయి ఆయమ్మ ఒళ్లో పడిపోయి ఏడ్చింది. “తాగిండు. నేను తిట్టిన అవ్వా, తిట్టినందుకే తాగిండు. సీసా మోటరు కాడున్నది.”

ఆ తర్వాత మాకు దారి తెలిసింది. ఆటో డ్రైవరు ఊరికి ఫోన్ చేస్తే సీసా మీద పేరు ఎవరో చదివి చెప్పారు. కడుపు కడిగాం, గొంతులో నురగ ఆరేదాకా ఇంజెక్షన్లు ఇస్తూనే ఉన్నాం, అతన్ని నగరానికి పంపాం. పదకొండు రోజులకు నడుచుకుంటూ ఇంటికెళ్లాడని తర్వాత తెలిసింది. గాట్లు టమాట కర్రలకు కట్టే తీగ గీసుకున్నవట.

అంబులెన్సు వెళ్లాక వరండాలోకి వస్తే బెంచీ మీద ఆమె బావ లేడు. మాత్రల పొట్లం అక్కడే ఉంది.

“చెవిలో చెప్పొచ్చు కదా ఆయమ్మా?” అన్నాను. నాకు కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలియదు.

ఆమె నేల మీద పడిన పెన్ను వెతుక్కుంటోంది. “చెవిల చెప్తే గామె నమ్మదు డాక్టరమ్మా. నా పని గావాలని మతలబుకు చెప్తున్న అనుకుంటది. నా సిగ్గు నేను బజార్ల వెట్టుకుంటేనే నిజమని తెలుస్తది” అంది. పెన్ను దొరికింది. కొప్పులో గుచ్చుకుని, వాంతి తుడవడానికి బక్కెట్టు తెచ్చుకుంది.

ఆ ఆదివారం ఆమె ఒక ట్రంకు పెట్టెతో వచ్చింది. అత్తగారి ఇంట్లో అన్నం పెట్టేది లేదన్నారు, ముఖం చూసేది లేదన్నారు. మా తమ్ముణ్ణి నువ్వే చంపావు అన్నారట. ఆమె ఆ మాట నాకు చెప్పేటప్పుడు కాదనలేదు, ఏడవలేదు. ఓనరుగారు జనరేటర్ గది పక్కన చిన్న గది ఇచ్చారు. ఆ ఏడు నాగుల పంచమి వచ్చింది. సెలవు అడగలేదు. నేనే అడిగాను, పుట్టకు వెళ్లవా అని.

“ఏం మొకం పెట్టుకొని పోవాలె? చెయ్యని తప్పు పదిహేడేండ్లు దాని మీద పెట్టిన. పాపం గా పురుగు” అంది. చీపురు అందుకుంటూ, “పాలు మాత్రం గోడ అవతల పోసొచ్చిన” అంది.

మరుసటి ఏడాది నేను పైచదువుకు నగరానికి వచ్చేశాను. 2014 వేసవిలో ఒక పొద్దున రిసెప్షన్ అమ్మాయి ఫోన్ చేసింది. ఆయమ్మ రాత్రి నిద్రలోనే గుండె ఆగి పోయింది. ఎవరో ఒకరు అడగాల్సిన ప్రశ్న నా నోటిదాకా వచ్చి ఆగింది. ఆ అమ్మాయే అర్థం చేసుకుని, “లేదు మేడమ్, మూడిట్ల ఏదీ కాదు” అంది. ఇద్దరం ఫోన్‌లో ఏడ్చాం.

నేను వెళ్లేసరికి నర్సింగ్ హోమ్ వెనక పాడె కట్టారు. నర్సులు, ఓనరు, చుట్టుపక్కల షాపులవాళ్లు, పాత రోగులు ఓ పదిహేను మంది ఉన్నారు. ఆ పెన్ను కొప్పులో అలాగే ఉంచమని నేను చెప్పాను, అందరూ వింతగా చూసినా సరే. అత్తగారి వైపునుంచి ఒక్కరే వచ్చారు, ఆమె బావ. దగ్గరికి రాలేదు. గేటు పక్కన తువ్వాలు భుజాన వేసుకుని ఎండలో నిలబడ్డాడు.

మోయడానికి నలుగురు ముందుకొచ్చారు. అంబులెన్సు డ్రైవరు, మందుల షాపాయన, వాచ్‌మన్. నాలుగోవాడు బక్కపలుచని మనిషి, పొద్దున్నుంచీ కట్టెలు మోసింది, నీళ్లు తెచ్చింది అతనే. నేను గుర్తుపట్టలేదు. అతను తల వైపు పాడె పట్టుకుని వంగాడు. అప్పుడు గేటు దగ్గరనుంచి పెద్దాయన నాలుగడుగులు వేసి వచ్చాడు.

“నువ్వు ఏమైతవ్ తమ్మీ ఈమెకు?”

విమానం ఒకటి దిగుతోంది. అతను వెంటనే జవాబు చెప్పలేదు. మోత పోయేదాకా పాడె పట్టుకుని అలాగే ఆగాడు. తర్వాత అందరికీ వినపడేలా చెప్పాడు.

“నేనేం గాను పెద్దయ్యా. మందు తాగి వచ్చినోణ్ణి. గీ అవ్వ చిట్టి మీద సీసా బొమ్మ గీసింది నాకే.”

పెద్దాయన భుజం మీది తువ్వాలు తీసి, చుట్టగా చుట్టి, మళ్లీ భుజం మీదే పెట్టుకున్నాడు. “జర జరుగు” అని డ్రైవరును పక్కకు తప్పించి, ఆ బక్కపలుచని మనిషి పక్కన వంగి పాడె ఎత్తుకున్నాడు.